ఆగినప్పుడు ఏం చేస్తుంది?

(మందులు నింపే, ప్యాక్ చేసే యంత్రాల డిజైన్ గురించి ఇంజనీరింగ్, ఫార్మసీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో ఉన్నవాళ్ళకి వినిపిస్తోందా? సరే, మొదలుపెడదాం.

నేను మందులు నింపే మెషీన్లు, ప్యాక్ చేసే మెషీన్లు డిజైన్ చేస్తాను. ఇరవై ఏళ్ళు దాటింది. కేటలాగులో చూసి కొనుక్కునే మెషీన్లు కావు. "మా సీసా ఇలా ఉంటుంది, మా మందుకి ఈ పెంకితనం ఉంది, మాకున్న గది ఇంతే" అని చెప్పి చేయించుకునే రకం. ఈ ఇరవై ఏళ్ళలో కొత్తగా వచ్చిన దాదాపు ప్రతి కస్టమరూ నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఒకటే. "నిమిషానికి ఎన్ని?"

అడగడంలో తప్పు లేదు. డబ్బు పెట్టేది వాళ్ళే. నేనూ ఒక అంకె చెప్తాను. చెప్పి, వెంటనే ఎదురు ప్రశ్న వేస్తాను. "మీ మెషీన్ ఆగిపోయినప్పుడు ఏం చేయాలి?" చాలామంది నా వైపు అదోలా చూస్తారు. ఆగిపోతే ఏముంది, ఆగిపోతుంది, మళ్ళీ నడిపిస్తాం అంటారు. నేను ఈరోజు మాట్లాడబోయేది ఆ "మళ్ళీ నడిపిస్తాం" గురించే. నడుస్తున్న మెషీన్‌ని డిజైన్ చేయడం మీకు కాలేజీలో నేర్పిస్తారు. ఆగిన మెషీన్‌ని డిజైన్ చేయడం ఎవరూ నేర్పించరు. నాకూ ఎవరూ నేర్పలేదు, దెబ్బలు తిని నేర్చుకున్నాను.

ముందు అసలు ప్రత్యేకంగా చేయించుకోవాల్సిన అవసరం ఎందుకొస్తుందో చెప్తాను. నీళ్ళ సీసాలు నింపే మెషీన్‌కి సీసా ఏ ఆకారంలో ఉండాలో ముందే తెలుసు, నీళ్ళు ఎలా ప్రవహిస్తాయో తెలుసు. మందుల్లో అలా కాదు. ఒకటి నీళ్ళలా జారిపోతుంది, ఒకటి తేనెలా సాగుతుంది. ఒకటి ఊరికే నురగ కడుతుంది. ఒకదాంట్లో పొడి కలిసి ఉంటుంది, రెండు నిమిషాలు కలపకుండా వదిలేస్తే పొడి అంతా అడుక్కి చేరుతుంది. వ్యాధి నిర్ధారణ కిట్‌లో వాడే ద్రవం యాభై మైక్రోలీటర్లు వేయాలి, అంటే మిల్లీలీటరులో ఇరవయ్యో వంతు. చుక్క సూది మొనకే అంటుకుని ఉండిపోతే మోతాదు మొత్తం అక్కడే ఉండిపోయినట్టు. ఇక పాత్రల సంగతి. వయల్ అంటే రబ్బరు బిరడా ఉన్న చిన్న ఇంజెక్షన్ సీసా, ఆంప్యూల్ అంటే మెడ విరిచి తెరిచే గాజు సీసా, ముందే నింపిన సిరంజి, కంటి చుక్కల సీసా, ట్యూబు, పౌచ్, మాత్రలుండే బ్లిస్టర్ పట్టీ. అడుగు సన్నగా ఉండి నిలబడలేని టెస్ట్ ట్యూబులైతే ఒక్కోదాన్ని ఒక్కో చిన్న గిన్నెలాంటి హోల్డర్‌లో నిలబెట్టి నడిపించాలి. వాటిని పక్ అంటాం.

ద్రవంతో మొదలుపెడదాం. సన్నటి గొట్టంలో ద్రవం నడక గురించి ఫిజిక్స్‌లో ఒక సూత్రం చదివే ఉంటారు, పాయిసెల్ సూత్రం. ఒత్తిడి మారకుండా గొట్టం వ్యాసం సగం చేస్తే ప్రవాహం సగం కాదు, పదహారో వంతుకి పడిపోతుంది. పరీక్షలో రాసి మర్చిపోయాం అందరం. కానీ ఫిల్లింగ్ సూదికి అదే ప్రాణం. సూది లావుగా ఉంటే తొందరగా నిండుతుంది, కానీ ఆగినప్పుడు మొన దగ్గర చుక్క వేలాడుతుంది. సన్నగా ఉంటే చుక్క వేలాడదు గానీ ద్రవం జెట్‌లా వెళ్ళి అడుగున కొట్టుకుని నురగ వస్తుంది. కాబట్టి సూదిని సీసా అడుగు దాకా దింపి, మట్టం పెరుగుతున్న కొద్దీ సూదిని కూడా పైకి లేపుతూ నింపుతాం. నింపడం అయిపోగానే పంపు ఒక్క క్షణం వెనక్కి తిరిగి, మొనలో ఉన్న ద్రవాన్ని కొద్దిగా లోపలికి లాక్కుంటుంది. దాన్ని సక్‌బ్యాక్ అంటాం. వేలాడే చుక్క మెషీన్ పరిభాషలో చిన్న విషయం. మందు పరిభాషలో అది ఒక సీసాలో తక్కువ, పక్క సీసాలో ఎక్కువ.

నేను తొలి రోజుల్లో చేసిన ఒక మెషీన్ గురించి చెప్తాను. కంపెనీ పేరు వద్దు. కంటి చుక్కల మందు, అందులో ఉప్పు లాంటి లవణాలు ఉన్నాయి. ఎనిమిది సూదులు. ట్రయల్స్‌లో అద్భుతంగా నడిచింది, బరువులు చూస్తే గీత గీసినట్టు ఉన్నాయి. ఉత్పత్తి మొదలైన వారానికి ఫోన్. "రోజూ కొన్ని సీసాల్లో తక్కువ వస్తోంది, ఏవి అనేది అర్థం కావట్లేదు." వెళ్ళి రెండు రోజులు నిలబడి చూశాను. మెషీన్ నడుస్తున్నంతసేపూ ఏ తప్పూ లేదు. మూడో రోజు ఆపరేటర్ ఒకామె అంది, "సార్, భోజనం నుంచి వచ్చాక చూడండి" అని. చూశాను. అరగంట ఆగిన తర్వాత ప్రతి సూది నుంచీ వచ్చిన మొదటి సీసా తక్కువగా ఉంది. సూది మొన దగ్గర నీరు ఆరిపోయి లవణం స్ఫటికంలా గట్టిపడింది. మొదటి మోతాదు దాన్ని తోసుకుని రావడానికే సరిపోతోంది. మేము ట్రయల్స్ ఎలా చేశామో తెలుసా? ఆపకుండా. నాలుగు గంటలు ఏకబిగిన నడిపి, ఎంత బాగా నడిచిందో అని చప్పట్లు కొట్టుకున్నాం.

పరిష్కారం కష్టమైనదేమీ కాదు. మెషీన్ ఇన్ని నిమిషాలకు మించి ఆగితే, మళ్ళీ మొదలయ్యేటప్పుడు ప్రతి సూదీ మొదటి రెండు మూడు మోతాదుల్ని ఒక ట్రేలోకి వదిలేస్తుంది, ఆ తర్వాతే సీసాల్ని రానిస్తుంది. ఎన్ని నిమిషాలు, ఎన్ని మోతాదులు అనేది ప్రతి మందుకీ ప్రయోగం చేసి తేల్చాలి. కానీ ఆ ట్రేకి చోటు ఉండాలి కదా. మెషీన్ తయారైపోయాక ట్రేకి చోటు వెతకడం ఎంత నరకమో నన్నడగండి. (నవ్వులు) ఆమె ఆ మాట అనకపోయి ఉంటే నేను ఇంకో వారం పంపుల్ని విప్పుతూ కూర్చునేవాణ్ణి.

పంపుల మాట వచ్చింది కాబట్టి అవి ఆగినప్పుడు ఎలా ఉంటాయో చూద్దాం. పెరిస్టాల్టిక్ పంపులో రోలర్లు మెత్తటి గొట్టాన్ని నొక్కుతూ ద్రవాన్ని ముందుకు తోస్తాయి. మందు గొట్టాన్ని తప్ప మరే లోహాన్నీ తాకదు, బ్యాచ్ అయ్యాక గొట్టం పారేస్తే సరి. ప్రొటీన్ మందులకు ఇది ఇష్టం, ఎందుకంటే పిస్టన్ పంపులో పిస్టన్‌కీ సిలిండర్‌కీ మధ్య ఉండే కొద్ది మైక్రాన్ల సందులో (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) నలిగితే కొన్ని ప్రొటీన్లు గుంపు కట్టి కణాలుగా మారతాయి. కానీ పెరిస్టాల్టిక్ ఆగినప్పుడు రోలర్ గొట్టాన్ని ఒకేచోట నొక్కి పట్టుకుని ఉంటుంది. రాత్రంతా అలా వదిలేస్తే ఆ చోట గొట్టం ఆకారం మారి, పొద్దున మోతాదు కొంచెం తేడా వస్తుంది. టైమ్ ప్రెషర్ పద్ధతిలో చిన్న ట్యాంకులో స్థిరమైన ఒత్తిడి ఉంచి, వాల్వ్‌ని లెక్క ప్రకారం ఇన్ని మిల్లీసెకన్లు తెరుస్తారు. ఆగినంతసేపు గొట్టంలో ఉన్న ద్రవం గది వేడికి చేరుకుంటుంది, జిగట మారుతుంది, అదే మిల్లీసెకన్లలో వేరే మోతాదు వస్తుంది. ఆల్కహాల్ ఎక్కువున్న ద్రవమైతే ఇంకో గొడవ. పది డిగ్రీల వేడి పెరిగితే ఎథనాల్ ఘనపరిమాణం సుమారు 1.1 శాతం పెరుగుతుంది. మనం కొలిచేది మిల్లీలీటర్లలో అయితే, అదే గీత దాకా నింపినా బరువు తగ్గుతుంది. అందుకే ఇప్పుడు చాలా లైన్లలో ఖాళీ వయల్‌ని తూచి, నింపాక మళ్ళీ తూచి, తేడా చూసి పంపుని తనంతట తనే సరిచేసుకునేలా పెడుతున్నాం.

ఇక్కడ ఫార్మసీ పిల్లలకు తెలిసిన విషయం ఒకటి ఇంజనీరింగ్ పిల్లలకు చెప్పాలి. ఒక మిల్లీలీటరు అని రాసి ఉన్న ఇంజెక్షన్ వయల్‌లో సరిగ్గా ఒక మిల్లీలీటరే ఉండదు. గోడలకు అంటుకున్నది, సిరంజిలోకి లాగలేనిది పోను రోగికి ఒక మిల్లీలీటరు అందాలి. అందుకని అమెరికా ఫార్మకోపియా, అంటే మందుల ప్రమాణాల పుస్తకం, ప్రకారం పల్చటి ద్రవానికి 0.10 మిల్లీలీటరు, జిగట ద్రవానికి 0.15 మిల్లీలీటరు అదనంగా నింపమని సూచన ఉంది. పది మిల్లీలీటర్లకైతే 0.50, 0.70. మీ పంపు ఎంత ఖచ్చితంగా ఉంటే ఆ అదనం మీద ఇంకా అదనం వేసుకునే అవసరం అంత తగ్గుతుంది. ఖరీదైన మందుల్లో మెషీన్ ధర అలా తిరిగొస్తుంది, నిమిషానికి ఎన్ని అన్న అంకెలో కాదు.

ఇప్పుడు మాత్రల వైపు వెళ్దాం. బ్లిస్టర్ మెషీన్ అందరూ వీడియోల్లో చూసే ఉంటారు. పీవీసీ ఫిల్మ్, చాలావరకు 250 మైక్రాన్ల మందం, రెండు వేడి పలకల మధ్య మెత్తబడుతుంది, గాలి ఒత్తిడితో గుంటలు పడతాయి, గుంటల్లో మాత్రలు పడతాయి, పైన 20 మైక్రాన్ల అల్యూమినియం రేకు అతుక్కుంటుంది, కత్తిరించుకుని బయటికొస్తుంది. బాగుంది. ఇప్పుడు ఎర్ర బటన్ నొక్కండి. వేడి పలకల మధ్య చిక్కుకున్న ఫిల్మ్ ఏమవుతుంది? కొద్ది సెకన్లలో సాగి, వేలాడి, కాలిపోతుంది. కాబట్టి మెషీన్ ఆగిన క్షణంలోనే పలకలు రెండూ ఫిల్మ్‌కి దూరంగా విడిపోవాలి. కరెంటు పోయినా సరే విడిపోవాలి. అంటే మూసి ఉంచడానికి గాలి ఒత్తిడి, తెరవడానికి స్ప్రింగ్. దీన్ని తలకిందులుగా చేసిన డ్రాయింగు నేను చూశాను. స్ప్రింగ్ మూస్తుంది, గాలి తెరుస్తుంది! గీసిన కుర్రాడికి మెషీన్ నడుస్తున్నప్పటి బొమ్మ ఒక్కటే మనసులో ఉంది.

పలకలు విడిపోయినా అప్పటికే సగం మెత్తబడిన ఫిల్మ్ ఉంటుంది. మళ్ళీ మొదలయ్యాక దాంట్లో పడే గుంటలు పల్చగా వస్తాయి. సీలింగ్ దగ్గర ఆగిన పట్టీకి వేడి ఎక్కువ తగిలి ఉంటుంది. ఇవన్నీ కంటికి బాగానే కనిపిస్తాయి, చిక్కంతా అదే. మెషీన్‌కి జ్ఞాపకం ఉండాలి. ఆగినప్పుడు ఏ స్టేషన్‌లో ఏ పట్టీ ఉంది, అవి బయటికి వచ్చేసరికి ఎన్ని అడుగులు పడతాయి, ఎన్నోదాన్ని తోసెయ్యాలి. దీన్ని షిఫ్ట్ రిజిస్టర్ అంటాం. పేరు చూసి భయపడకండి. క్యూలో నిలబడ్డవాళ్ళని చూసి "నీలం చొక్కా మనిషి తర్వాత నాలుగో మనిషి" అని గుర్తు పెట్టుకోవడం లాంటిదే. క్యూ ఒక అడుగు కదిలితే లెక్క కూడా ఒక అడుగు కదులుతుంది. అయితే ఎవరో మధ్యలోంచి ఒక మనిషిని లాగేశారనుకోండి. లెక్క చెడింది. ఇప్పుడు మెషీన్ మంచి పట్టీని తోసేసి చెడ్డదాన్ని వదిలేస్తుంది. జామ్ అయినప్పుడు ఆపరేటర్ చేసేది సరిగ్గా అదే, చెయ్యి పెట్టి ఒకదాన్ని తీసేస్తాడు. ఆయన తప్పు కాదు. తలుపు తెరిచిన ప్రతిసారీ ఆ స్టేషన్‌లో ఉన్నవన్నీ చెడ్డవే అని మెషీన్ గుర్తుపెట్టుకోకపోవడం మన తప్పు.

తోసేయడం గురించి ఇంకొక్క మాట. చెడ్డ సీసాని గాలి ఊది పక్కకు తోస్తారు చాలా మెషీన్లలో. ఆ రోజు గాలి ఒత్తిడి లేదనుకోండి. సెన్సార్ చెడ్డదని చెప్పింది, కంప్యూటర్ విన్నది, వాల్వ్ తెరుచుకుంది, గాలి రాలేదు. చెడ్డ సీసా హాయిగా మంచివాటితో కలిసి డబ్బాలోకి వెళ్ళిపోయింది. నేనైతే సీసా నడిచే దారినే మార్చేస్తాను. మామూలుగా వదిలేస్తే సీసా రిజెక్ట్ పెట్టెలోకి పోవాలి. మంచిదని తేలితేనే మెషీన్ పూనుకుని దాన్ని పట్టుకుని మంచి దారిలో పెట్టాలి. గాలి పోయినా, కరెంటు పోయినా, సెన్సార్ వైరు తెగినా జరిగేది ఒకటే, అన్నీ రిజెక్ట్ అవుతాయి. యజమానికి నష్టం, రోగికి కాదు. ఇలా కట్టడానికి అన్నిచోట్లా వీలుకాదు. కుదరని చోట రిజెక్ట్ దారిలో ఇంకో సెన్సార్ పెట్టి, తోసింది నిజంగా వచ్చి పడిందా అని లెక్క చూసి, పడకపోతే మెషీన్ ఆపేయాలి. రిజెక్ట్ పెట్టెకి తాళం ఉండాలి. తాళం ఎందుకండీ అని నవ్వకండి, బాగానే కనిపిస్తోందని తీసి మళ్ళీ లైనులో పెట్టే చేతులు అన్ని దేశాల్లోనూ ఉంటాయి.

ఇప్పుడు అసలు కష్టమైన చోటుకి వస్తున్నాను. స్టెరైల్ మందులు, అంటే ఇంజెక్షన్లు. ఇక్కడ మెషీన్ ఆగడం అంటే మనిషి చెయ్యి లోపలికి వెళ్ళడం. సూక్ష్మక్రిములకు అతి పెద్ద మూలం మనిషే. వయల్ తెరిచి ఉండే చోట గాలి ఎంత శుభ్రంగా ఉండాలంటే, అర మైక్రాన్ లేదా అంతకంటే పెద్ద కణాలు ఒక ఘనమీటరు గాలిలో 3520కి మించకూడదు. దాన్ని గ్రేడ్ ఏ అంటారు. పై నుంచి కిందికి, సెకనుకు 0.36 నుంచి 0.54 మీటర్ల వేగంతో వడపోసిన గాలి మెల్లగా దిగుతూ ఉంటుంది. ఆ గాలి వయల్ మూతిని తాకే ముందు మరి దేన్నీ తాకకూడదు. అందుకే మెషీన్ భాగాలు వయల్ పైన ఉండకూడదు, పక్క నుంచో కింద నుంచో రావాలి. వయల్ మీదుగా చెయ్యి చాపావా, నీ చేతి కింద ఉన్న వయల్స్ అన్నీ పోయినట్టే. యూరప్ జీఎంపీ, అంటే మందుల తయారీ పద్ధతుల నిబంధనల్లో అనెక్స్ 1 అని ఒక భాగం ఉంది, స్టెరైల్ తయారీకి సంబంధించింది. 2022 ఆగస్టులో సవరించారు, 2023 ఆగస్టు నుంచి అమల్లోకి వచ్చింది. ఐసొలేటర్లు, రాబ్స్ లాంటి, మనిషిని వయల్స్‌కి దూరంగా ఉంచే అడ్డుగోడల్ని వాడాలని, వాడకపోతే ఎందుకో చెప్పాలని అందులో ఉంది. ఐసొలేటర్ అంటే మూసేసిన గాజు పెట్టె, లోపలంతా హైడ్రోజన్ పెరాక్సైడ్ ఆవిరితో శుభ్రం చేస్తారు, మనిషి బయట నిలబడి గోడకు బిగించిన గ్లోవ్స్‌లో చేతులు పెట్టి పనిచేస్తాడు.

గ్లోవ్ ఎక్కడ బిగించాలి? మీకు చిన్న ప్రశ్నలా ఉందేమో. కంప్యూటర్‌లో త్రీడీ మనిషి బొమ్మ పెట్టి, చెయ్యి అందుతుంది, ఓకే అంటాం. నిజం మనుషులు ఆ బొమ్మ ఎత్తులో ఉండరు. అందుకని ఇనుము కొనే ముందు చెక్కతో, అట్టతో మెషీన్ నమూనా కట్టి, గ్లోవ్స్ బిగించి, రేపు దాన్ని నడపబోయే వాళ్ళనే పిలిచి, "ఇదిగో ఈ వయల్ పడిపోయింది, తియ్యండి" అంటాం. ఒక నమూనా దగ్గర ముగ్గురు తీయగలిగారు, నాలుగో ఆవిడ భుజం దాకా దూర్చినా వేళ్ళు అందలేదు. ఆ అట్ట పెట్టెకి రంధ్రం పక్కకు జరపడానికి పది నిమిషాలు పట్టింది. తయారైన గాజు తలుపుకైతే నెలలు పట్టేది. నాకు ఈ అట్ట నమూనాల రోజే మొత్తం ప్రాజెక్టులో అన్నిటికంటే ఇష్టమైన రోజు.

ఇంకా మంచి మార్గం, పడిపోయిన వయల్‌ని తీయాల్సిన పనే లేకుండా చేయడం. నిలబడి ఉన్నదే గైడు మీద నడుస్తుంది, పడిపోయినది సందులోంచి కింద పెట్టెలోకి జారిపోతుంది. పగిలిన గాజు కూడా అలాగే. దీనికి ప్రోగ్రాం చెప్పినట్టు కదిలే సర్వో మోటార్లు, కెమెరాలు ఏమీ అక్కర్లేదు, ఒక సందు సరైన కొలతలో ఉంటే చాలు.

ఫిల్లింగ్ మెషీన్‌కి ముందు వయల్స్‌ని కడిగి, 300 డిగ్రీలు దాటిన వేడి గాలి టన్నెల్‌లోంచి పంపిస్తారు. క్రిములే కాదు, అవి చచ్చాక మిగిలే జ్వరకారక పదార్థాలు కూడా పోవాలి, అందుకే అంత వేడి. ఫిల్లింగ్ ఆగితే టన్నెల్ ఏం చేయాలి? బెల్టు నడుస్తూనే ఉంటే వయల్స్ ముందుకు తోసుకుని, ఒకదాన్నొకటి ఒరుసుకుని గాజు రేణువులు రాలతాయి. ఆగిపోతే వేడి జోన్‌లో ఉన్నవి అక్కడే ఉండిపోతాయి, అది పర్వాలేదు. కానీ అదే సమయంలో వేడి పరిమితి కన్నా తగ్గిందనుకోండి, అప్పుడు లోపలున్న వాటిని ఒక్కదాన్నీ ముందుకు రానివ్వకూడదు. చల్లబడి బయటికొచ్చి మూతి తెరుచుకుని నిలబడినవి ఎంతసేపు అలా ఉండొచ్చు? దానికో సమయం నిర్ణయించి, దాటితే పారేయాలి. ఫ్రీజ్ డ్రై చేసే, అంటే గడ్డకట్టించి ఆరబెట్టే మందులకైతే బిరడా సగమే దిగి ఉంటుంది, ఆవిరి పోవడానికి సందు కావాలి కాబట్టి. ఆ సగం బిరడా వయల్స్ కదలికలో ఒకటి కాస్త పైకి లేచినా కనిపెట్టాలి.

వీటన్నిటికీ పరీక్ష మీడియా ఫిల్. మందు బదులు క్రిములు బాగా పెరిగే ద్రవాన్ని నింపుతారు, మామూలుగా కనీసం 5000 నుంచి 10,000 వయల్స్. కనీసం 14 రోజులు వెచ్చగా ఉంచి చూస్తారు. ఒక్కటి కూడా మసకబారకూడదు అన్నదే లక్ష్యం. ఈ పరీక్షలో మెషీన్ నున్నగా నడిపి చూపిస్తే కుదరదు. కావాలని ఆపాలి, తలుపు తీయాల్సిన చోట తీయాలి, సూది మార్చాలి, షిఫ్ట్ మారాలి. ఇంజనీరింగ్ లోకంలో మేము మర్చిపోయినదాన్ని మైక్రోబయాలజీ వాళ్ళు ఎప్పుడో పట్టుకున్నారు, ఆగడాన్నే పరీక్షించాలని.

వైద్య పరికరాల ప్యాకింగ్ గురించి కొద్దిగా. సిరంజిలు, కేథటర్లు లాంటివాటిని పౌచ్‌లో పెట్టి సీల్ చేశాక స్టెరిలైజ్ చేస్తారు. ఎథిలిన్ ఆక్సైడ్ వాయువుతో చేసేటప్పుడు వాయువు లోపలికి వెళ్ళి, తిరిగి బయటికి రావాలి, క్రిమి మాత్రం లోపలికి పోకూడదు. అందుకే ఒక వైపు ప్లాస్టిక్, రెండో వైపు టైవెక్ లాంటి గాలి ఆడే పదార్థం వాడతారు. సీల్‌కి కావాల్సినవి మూడు, వేడి, ఒత్తిడి, సమయం. తక్కువైతే సందు మిగులుతుంది. ఎక్కువైతే ఇంకో ప్రమాదం, ఆపరేషన్ థియేటర్‌లో నర్సు విప్పేటప్పుడు సీల్ ఊడిరాకుండా టైవెక్ చిరిగి దాని సన్నటి పోగులు పరికరం మీద పడతాయి. మెషీన్ ఆగినప్పుడు సీలింగ్ దవడలు తెరుచుకుంటాయి బాగానే, కానీ తెరిచి ఉన్నంతసేపు పౌచ్‌కి వేడి ఇవ్వడం ఉండదు కాబట్టి కొన్ని డిజైన్లలో దవడల వేడి నిర్ణయించినదాన్ని దాటి ఎగబాకుతుంది. మొదలైన తర్వాతి మొదటి కొన్ని సీల్స్ అతిగా అతుకుతాయి. వేడి మళ్ళీ పరిధిలోకి వచ్చే దాకా మెషీన్ మొదలవ్వకుండా తాళం వేయాలి. వ్యాధి నిర్ధారణ స్ట్రిప్‌ల విషయంలో అసలు శత్రువు తేమ. లైను ఆగినప్పుడు పౌచ్‌లోకి వెళ్ళకుండా బయట ఉండిపోయిన స్ట్రిప్ నిమిషం నిమిషానికీ తేమ పీల్చుకుంటుంది. సిలికాజెల్ పొట్లం పక్కనే పడుతుంది కదా అని ఊరుకోకూడదు, గడియారం పెట్టాలి.

డబ్బాల మీద కోడ్‌ల గురించి త్వరగా చెప్పేస్తాను, సమయం చూస్తున్నాను. 2019 ఫిబ్రవరి 9 నుంచి యూరప్‌లో డాక్టర్ చీటీ మీద అమ్మే దాదాపు అన్ని మందుల డబ్బాలకూ ఒక్కోదానికి ఒక్కో ప్రత్యేక నంబరు ఉండాలి. అమెరికాలో 2013లో చట్టం చేసి దశలవారీగా తెచ్చారు. ప్రింటర్ నంబరు ముద్రిస్తుంది, కెమెరా చదువుతుంది, కంప్యూటర్ రాసుకుంటుంది. ఆగినప్పుడు ప్రింటర్‌కీ కెమెరాకీ మధ్య ఉన్న నాలుగు డబ్బాల సంగతేంటి? ముద్ర పడింది, చదవలేదు. అవి బయటికి వెళ్ళిపోతే లోకంలో ఉన్న డబ్బా, లెక్కల్లో లేని డబ్బా. ఫార్మసీలో స్కాన్ చేస్తే నకిలీ అని అలారం మోగుతుంది. కాబట్టి ఆ నాలుగూ రిజెక్ట్‌కే. ప్రశ్న ఒకటే, మెషీన్‌కి ఆ నాలుగు అన్న అంకె కరెంటు పోయాక కూడా గుర్తుందా?

మీలో కొందరు రేపు ఇలాంటి మెషీన్లు కొనే వైపు ఉంటారు. అవసరాల పత్రం ఒకటి రాయాలి, యూఆర్‌ఎస్ అంటారు. నా దగ్గరికి వచ్చేవాటిలో సగం వేగం గురించి, రంగుల స్క్రీన్ గురించి ఉంటాయి. మీరు ఇవి రాయండి. ఎన్ని నిమిషాలు ఆగితే ఏమేమి పారేయాలి, ఏ తలుపు తెరిస్తే ఏవి చెడ్డవిగా లెక్కపెట్టాలి, కరెంటు వచ్చాక మెషీన్ మొదట ఏం చేయాలి. సీసాల నమూనాలు పంపేటప్పుడు అందమైన పది సీసాలు ఏరి పంపకండి. కొలతల్లో అటు చివరవీ ఇటు చివరవీ పంపండి. గాజు సీసాలు అన్నీ ఒకేలా ఉండవు, నేను కట్టిన గైడు మీ అందమైన పదింటికీ సరిపోయి పదకొండోదాన్ని పగలగొడుతుంది.

మెషీన్ మా షాపులో సిద్ధమయ్యాక కొనేవాళ్ళు వచ్చి పరీక్షిస్తారు, ఫ్యాట్ అంటారు. ఆ రోజు నేనైతే ఇలా చేస్తాను. పూర్తి వేగంలో నడుస్తుండగా ఎమర్జెన్సీ బటన్ నొక్కుతాను. మళ్ళీ మొదలుపెట్టి, వచ్చిన మొదటి సీసాల బరువు చూస్తాను. ఇలా పదిసార్లు, ప్రతిసారీ వేరే క్షణంలో. సూది సీసాలో ఉన్నప్పుడు ఒకసారి, బిరడా సగం దిగినప్పుడు ఒకసారి. తర్వాత మెయిన్ స్విచ్ తీసేస్తాను. మా అసెంబ్లీ కుర్రాళ్ళు నన్ను తిట్టుకుంటారు. తిట్టుకోనివ్వండి.

ప్రశ్నలుంటే అడగండి. ఆ, మీరు... "అన్నిటికీ సర్వో మోటార్లు పెట్టేస్తే సరిపోదా" అంటున్నారు. మంచి ప్రశ్న. పాత మెషీన్లలో ఒకే మోటారు, ఒకే షాఫ్టు, దానికి క్యామ్‌లు, అంటే తిరుగుతూ మిగతా భాగాల్ని కదిలించే ఇనుప బిళ్ళలు ఉండేవి. సూది కిందికి దిగడం, చక్రం తిరగడం అన్నీ ఇనుముతో ఒకదానికొకటి కట్టి ఉండేవి. కరెంటు పోయినా వాటి మధ్య వరస చెడదు, చేత్తో తిప్పినా అదే వరసలో కదులుతాయి. సర్వోల్లో ఆ వరస ప్రోగ్రాంలో ఉంటుంది. ఫార్మాట్ మార్చడం తేలిక, వేగం ఎక్కువ, శుభ్రం చేయడం సులువు, నేనూ ఎక్కువగా సర్వోలే వాడతాను. కానీ మోటారు స్థానాన్ని కొలిచే ఎన్‌కోడర్ మామూలుదైతే కరెంటు వచ్చాక ప్రతి మోటారుకీ తానెక్కడున్నదీ తెలియదు, తన మొదటి స్థానం వెతుక్కోవడానికి కదులుతుంది. అప్పుడు సూది సీసాలోనే ఉందనుకోండి, చక్రం తన స్థానం వెతుక్కుంటూ తిరిగింది. ఎనిమిది సూదులు, ఎనిమిది సీసాల మెడలు, ఒకేసారి. ఆ చప్పుడు నేను విన్నాను. అందుకని స్థానం మర్చిపోని ఎన్‌కోడర్ పెట్టాలి, పైగా ప్రోగ్రాంలో మొదటి వరస ఇలా ఉండాలి: ముందు సూదులు పైకి రావాలి, వచ్చాయని సెన్సార్ చెప్పాలి, అప్పుడే మిగతావి కదలాలి.

బయట వరండాలో రెండు సూదుల చిన్న మెషీన్ ఒకటి పెట్టించాను, నీళ్ళతో నడుస్తోంది. ఎర్ర బటన్ ముందు వైపే ఉంది. వచ్చి మీ ఇష్టమొచ్చినప్పుడు ఆపండి, పక్కన తూకం కూడా ఉంది.